ఒక్క బెల్లు

అద్దాల మేడ ముందు రోడ్డు మూడుగా చీలే చోట బాలనర్సయ్య బస్సు వేగం తగ్గించాడు. గేరు రెండుకు దించాడు. క్లచ్ మీద ఎడమ కాలు, బ్రేకు మీద కుడి కాలు, స్టీరింగు మీద రెండు చేతులు, అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నాయి. బస్సు ఎటు తిప్పాలో మాత్రం తెలియలేదు.

ఎవరికైనా చెప్పుకుంటే మతిమరుపు అంటారు. కానీ అతనికి తెలిసిన మతిమరుపు ఇది కాదు. మనిషి పేరు నోటి దాకా వచ్చి ఆగిపోవడం, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, అవి తన వయసు వాళ్ళందరికీ ఉన్నవే. ఇప్పుడు కళ్ళముందున్న మూడు రోడ్లూ ఏదో పరాయి ఊరి రోడ్లలా ఉన్నాయి. చిన్నప్పుడు ఈ నేల మీదే మేకలు కాశాడు. ఈ గుట్టలు పేల్చి రోడ్డు వేస్తున్న రోజుల్లో కంకర లారీల మధ్య నుంచి బస్సు నడిపాడు. ఆ సంగతంతా గుర్తుంది. రోడ్డే గుర్తు లేదు.

వెనక కారు హారను మోగింది. ఆ వెనక ఇంకొకటి.

"హైటెక్ సిటీ, హైటెక్ సిటీ. దిగేవాళ్ళు ముందుకు రండి. ఇక్కణ్ణించి ఎడమకి తిరిగి కొత్తగూడ, కొండాపూర్" అని కండక్టర్ రాజరాజేశ్వరి గొంతెత్తి అంది.

ఎడమ. అతని చేతులు స్టీరింగును ఎడమకు తిప్పాయి. కొంచెం దూరం పోయేసరికి పంక్చరు షాపు, దాని పక్కన పాన్ డబ్బా, టార్పాలిన్ పట్టా కప్పిన టీ బండి ఒకటొకటిగా తెలిసినవైపోయాయి. అరచేతులు చెమటతో జారుతున్నాయి. ఇంజను మూత మీద పడేసిన గుడ్డముక్క తీసుకుని ఒక చేయి తుడుచుకున్నాడు, తర్వాత రెండో చేయి.

రాజరాజేశ్వరి అతని బస్సు మీదికి వచ్చి ఏడాది కావస్తోంది. ఆడవాళ్ళను కండక్టర్లుగా తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో చేరిన మనిషి. తెనాలి దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక మియాపూర్‌లో కాపురం పెట్టింది. చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, తోలుసంచీ భుజానికి వేసుకుని, కిక్కిరిసిన బస్సులో కూడా ఎవరికీ తగలకుండా నడిచేది. ఇదివరకు స్టాపు పేరు ఒక్కటే చెప్పేది. నెల రోజులుగా బస్సు ఎటు తిరుగుతుందో కూడా చెబుతోంది. ఒకసారి కాలేజీ పిల్లలు నవ్వారు. "అక్కా, ఎడమకు తిరిగితే మాకేంది, కుడికి తిరిగితే మాకేంది" అన్నాడొకడు. "ఊరికి కొత్తవాళ్ళుంటారు కదండీ, వాళ్ళకి తెలియాలి" అంది. అద్దంలో ఆమె కళ్ళూ బాలనర్సయ్య కళ్ళూ ఒక్క క్షణం కలుసుకున్నాయి. ఆమె వెంటనే టిక్కెట్లు కొడుతూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఎందుకు చెబుతున్నావని అతను అడగలేదు. ఎందుకు చెబుతోందో ఆమె కూడా అనలేదు. కొండాపూర్‌లో బస్సు ఆపి, ఇద్దరూ బండి దగ్గర టీ తాగేటప్పుడు కూడా ఆ మాట రాలేదు. ఆమె పిల్ల చదువు గురించీ నల్లా నీళ్ళ గురించీ మాట్లాడింది. అతను ఊకొట్టాడు.

మర్నాడు పొద్దున జల్లు పడింది. ఆఫీసు వేళ బస్సు నిండిపోయి ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులు వేలాడుతున్నారు. మెడలో కార్డులు తగిలించుకున్న కుర్రవాళ్ళు, అన్నం డబ్బాలు పట్టుకున్న కూలీలు, అద్దాల మేడ పక్కన లేస్తున్న కొత్త మేడల్లో తుడిచే పనికి పోయే ఆడవాళ్ళు. మాదాపూర్ దాటినప్పుడు బాలనర్సయ్యకు రోడ్డు స్పష్టంగానే తెలుస్తోంది. ఆ ధైర్యంతో పొద్దుటి నుంచి తేలిగ్గా ఉన్నాడు కూడా.

హైటెక్ సిటీ స్టాపు కనబడుతుండగా రాజరాజేశ్వరి తాడు లాగింది. అతని తల పైన బెల్లు ఒక్కసారి మోగింది.

విన్నాడు. అది తనకు చెబుతున్న మాటేనని కూడా తెలుసు. కానీ ఏం చెబుతున్నది? ఒక్క బెల్లు అంటే ఏమిటి? ముప్పై ఏళ్ళుగా చెవిలో పడుతున్న చప్పుడు అది. నిద్రలో విన్నా కాలు బ్రేకు మీదికి పోయేది. ఇప్పుడు కాలు గాల్లో ఆగింది. పోనిమ్మనే అయి ఉంటుందనుకుని యాక్సిలరేటరు తొక్కాడు.

బస్సు ఆగుతుందనే నమ్మకంతో ఫుట్‌బోర్డు మీద ఉన్న కుర్రవాడు అప్పటికే ఒక కాలు కింద పెట్టాడు. బస్సు ముందుకు దూకింది. ఆడవాళ్ళు అరిచారు. బాలనర్సయ్య బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, తలుపు తీసుకుని దిగేసరికి ఆ కుర్రవాడు తడి రోడ్డు మీద కూర్చుని ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. మణికట్టు పక్కకు తిరిగి ఉంది. గడ్డం దగ్గర చర్మం చీరుకుపోయి నెత్తురు చొక్కా మీద పడుతోంది. శ్యామ్, శ్యామ్ అంటూ అతని తోటివాళ్ళు చుట్టూ చేరారు. ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోతూ ఒకడు వెనక్కి తిరిగి రాజరాజేశ్వరి మీద కేకలు వేశాడు. "స్టాపు వచ్చినప్పుడు బెల్లు కొట్టడం కూడా రాదా మీకు?"

"కొట్టానండీ" అంది ఆమె. వాళ్ళు వినలేదు. ఆమె బాలనర్సయ్య వైపు చూసింది. అతను కింద పడి ఉన్న ఆ కుర్రవాడి చెప్పు చూస్తున్నాడు.

డిపోలో కంట్రోలరు లక్ష్మీనారాయణ మధ్యాహ్నం ఇద్దరినీ పిలిపించాడు. దెబ్బ తగిలినతను పనిచేసే ఆఫీసు నుంచి అప్పటికే ఫోను వచ్చింది. పై నుంచి కూడా అడుగుతున్నారని, సాయంత్రంలోగా ఎవరిదో ఒకరిది తప్పని తేల్చాలని కంట్రోలరు చెప్పాడు. ముందు రాజరాజేశ్వరి చెప్పింది రాసుకున్నాడు. స్టాపు దూరంగా ఉండగానే ఒక్క బెల్లు కొట్టానంది. ఆమెను బయట కూర్చోమన్నాడు.

"చెప్పు బాలన్నా. బెల్లు కొట్టిందా?"

కొట్టింది అని చెప్పడానికే బాలనర్సయ్య నోరు తెరిచాడు. కొట్టింది అంటే, మరి ఎందుకాపలేదు అని అడుగుతాడు. బ్రేకు పట్టలేదనవచ్చు, కానీ బ్రేకు బాగానే ఉంది. వేరే బండి అడ్డం వచ్చిందనవచ్చు, ఏ బండీ రాలేదు. బెల్లుకు అర్థం మరిచిపోయానని ఒక డ్రైవరు ఇంకొకరికి ఎట్లా చెబుతాడు?

"నాకినవడలే" అన్నాడు.

"ఇనవడలేనా, కొట్టలేదా?"

"ఇనవడలే."

కంట్రోలరు రాసుకున్నాడు. కాగితం ఇటు తిప్పి పెన్ను ఇచ్చాడు. బాలనర్సయ్య తన పేరు రాశాడు. సంతకం మాత్రం ఎక్కడా తప్పు పోలేదు.

బయటికి వచ్చేసరికి రాజరాజేశ్వరి బల్ల మీద నుంచి లేచి నిలబడింది. "ఏం చెప్పారు బాబాయ్?" అని అడిగింది. అతను చొక్కా పైగుండీ పెట్టుకుంటూ, "అంతా బస్సుల సప్పుడు గద బిడ్డా" అన్నాడు. ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజం మీది సంచీ తీసి కౌంటరులో అప్పగించి వెళ్ళిపోయింది.

తెల్లారి డ్యూటీ చార్టులో ఆమె పేరు పక్కన సస్పెన్షన్ అని రాసి ఉంది. బస్సు మీదికి నారాయణప్ప అనే కండక్టర్ వచ్చాడు. పెద్ద మనిషి, మంచివాడే. వెనక సీట్లో కూర్చుని అక్కడి నుంచే తాడు లాగుతాడు. స్టాపుల పేర్లు చెప్పే అలవాటు లేదు.

ఆ బస్సులో ఆ రోజు బాలనర్సయ్య ఎంత భయపడ్డాడో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కటి ఆపమని, రెండు పొమ్మని నోట్లో అనుకుంటూనే ఉన్నాడు. పంజగుట్ట దాకా అది సాగింది. తర్వాత రోడ్డు గుర్తు పెట్టుకోవాలో బెల్లు గుర్తు పెట్టుకోవాలో తెలియక రెండూ కలిసిపోయాయి. ముందు వెళుతున్న బస్సు నంబరు చూసుకుని దాని వెంటే పోయాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర అది వేరే రోడ్డున మళ్ళిపోయింది. బాలనర్సయ్య బస్సును పక్కకు తీసి ఆపాడు.

నారాయణప్ప ముందుకు వచ్చాడు. "ఏమాయె?"

"ఇంజన్ల ఏందో సప్పుడొస్తుంది."

ఇంజను మూత ఎత్తి తల లోపలికి పెట్టాడు. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. రేడియేటరు, బెల్టు, నూనె మరకలు, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి గుర్తుపట్టాడు. ఇంజను అంతా తెలుసు. దాని కింద ఉన్న రోడ్డు తెలియడం లేదు. చుట్టూ జనం విసుక్కుంటున్నారు. వాచీలు చూసుకుంటున్నారు. మూత వేసి మళ్ళీ సీట్లో కూర్చుంటే కదలక తప్పదు. దిగి పోతానంటే ఎందుకంటారు. ఆ కొంచెం చోటులో, వేడిలో, తల ఎత్తడానికి ధైర్యం లేక అతను బెల్టును వేలితో నొక్కుతూ ఉండిపోయాడు.

"మాదాపూర్ పోవాలె అన్నా, జల్దీ తియ్యరాదే. నేరుగ పోతే ఐదు నిమిషాలే గద" అని ఒకామె ముందు సీట్లోంచి అంది.

నేరుగా. అతను మూత వేశాడు.

కొండాపూర్‌లో ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. భార్య సత్తెమ్మ రొట్టెలు కాలుస్తోంది. కొడుకు ఓంకార్ గడప మీద కూర్చుని ఉన్నాడు. ఐటీఐ చదివి, కంప్యూటరు కోర్సు కూడా చేశాడు. చుట్టూ ఇన్ని ఆఫీసులు లేస్తున్నా ఏ గేటూ వాడికి తెరుచుకోలేదు.

కాళ్ళు కడుక్కుని వచ్చి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, బాలనర్సయ్య చెప్పేశాడు. రోడ్డు తెలియకపోవడం, బెల్లు తెలియకపోవడం, కండక్టర్ పిల్ల మీద తప్పు పడటం.

సత్తెమ్మ రొట్టె తిప్పుతూ, "నాకు ఎర్కలేదా" అంది. "మొన్న గుడుంబా తాగినోని లెక్క మన గల్లి దాటి పోయి మళ్ళొస్తివి. అడిగితె ఊకె తిరిగొచ్చిన్నంటివి. ఏడాదే గద, జర ఓపిక వట్టు. రిటైరైనంక ఇంట్ల కూసో, తొవ్వ యాదుంచుకునే పనే ఉండదు."

"ఏడాదిల ఎవన్నన్న సంపుత."

ఆమె చేయి ఆగింది. పెనం మీద రొట్టె మాడుతున్నది చూసుకుని తీసి పక్కన పెట్టింది.

ఓంకార్ గడప మీద నుంచి లేచి లోపలికి వచ్చాడు. "నాయినా, ఇప్పుడే చెప్తె మంచిది గద. డ్రైవింగుకు పనికిరావని డాక్టరు రాస్తే ఇంట్ల ఒకరికి నౌకరిస్తరు. ఏడాది కంటె తక్కువ మిగిలితె ఇయ్యరంట" అన్నాడు. అంటుండగానే వాడి మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనబడింది. దాన్ని దాచుకోవాలని వాడికి తట్టలేదు.

బాలనర్సయ్య ఇద్దరినీ చూశాడు. ఒకరు నోరు మూసుకోమంటున్నారు, ఒకరు నోరు విప్పమంటున్నారు. ఆ కండక్టర్ పిల్ల సంగతేమిటని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మాడిన రొట్టె తనే తీసుకుని తిన్నాడు.

డిపో మేనేజరు సోమేశ్వరరావు కోస్తా వైపు మనిషి, పని రాక్షసుడు. డ్రైవర్లు చాలక రోజూ పొద్దున్నే ఎవరినో ఒకరిని బతిమాలి డబుల్ డ్యూటీ వేయించడం అతని పని. మర్నాడు పొద్దున బాలనర్సయ్య వెళ్ళి చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"నీకు కొడుకున్నాడా?" అని అడిగాడు.

"ఉన్నడు సార్."

"ఏం చేస్తున్నాడు?"

"ఏం చేస్తలేడు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం కూడా రాలేదు. "ఈ రెండు నెలల్లో నువ్వు మూడోవాడివయ్యా. ఒకాయన చూపు ఆనడం లేదన్నాడు. ఇంకొకాయన నడుం వంగడం లేదన్నాడు. కొడుకుల కోసం అంటారు, నాకూ పిల్లలున్నారు, అర్థం చేసుకోగలను. కానీ బస్సులు నేను నడపలేను కదా."

"గది కాదు సార్. నౌకరి కోసం కాదు. ఆ పిల్ల బెల్లు కొట్టింది."

"ఆమె వచ్చి అడిగిందా నిన్ను ఇలా చెప్పమని?"

"లేదు సార్. నాతోని మాట్లాడ్తనే లేదు."

"సరే. డాక్టరు దగ్గరకి పంపిస్తాను. ఆవిడ ఏం రాస్తే అదే."

డిస్పెన్సరీలో డాక్టరమ్మ తొందరపడలేదు. బీపీ చూసింది, కళ్ళల్లో లైటు వేసి చూసింది, గీత మీద నడవమంది. ఇవాళ ఏ వారమో, ఏ నెలో అడిగింది. చెప్పాడు. ఆకు, గొడుగు, రైలు అని మూడు మాటలు చెప్పి, గుర్తు పెట్టుకోమని, మధ్యలో వేరే సంగతులు మాట్లాడింది. ఏ ఊరు, పిల్లలెందరు, బస్సులో గేర్లెన్ని. తర్వాత ఆ మూడు మాటలూ అడిగింది.

"ఆకు" అన్నాడు. "రైలు." మూడోది ఉండవలసిన చోట ఏమీ లేదు. అది మరిచిపోయినట్టు కాదు, ఆమె రెండే చెప్పినట్టు ఉంది. "రెండే గదమ్మా మీరు చెప్పింది?"

ఆమె అతని మొహంలోకి శ్రద్ధగా చూసింది. "మీ ఇంట్లో వాళ్ళెవరైనా గమనించారా?" అని అడిగింది. అతను గల్లీ దాటిపోయిన సంగతి చెప్పాడు.

"చూడండి, వయసుతో వచ్చే మరుపు ఒకటుంటుంది. మనిషిని పూర్తిగా మార్చేసే జబ్బు ఒకటుంది. ఆ రెంటికీ మధ్యలో ఒక స్థితి ఉంటుంది. అందులో కొందరు అక్కడే ఆగిపోతారు. కొందరు జబ్బులోకి పోతారు. కొందరు బాగుపడతారు కూడా. మీరు అక్కడున్నారేమోనని నా అనుమానం. ఒక్కసారి చూసి చెప్పేది కాదు. పెద్దాసుపత్రిలో చూపించాలి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూడాలి."

"నేను బస్సు నడపొచ్చా అమ్మా?"

"నన్నడిగితే వద్దంటాను."

"మరి గదే రాయుండ్రి."

ఆమె ముందున్న కాగితం చూపించింది. "ఇందులో ఫిట్, అన్‌ఫిట్ అని రెండే ఉన్నాయి. అన్‌ఫిట్ అని రాయాలంటే పరీక్షలో తేలాలి. మీరు అన్నీ చెప్పారు, ఒక్క మాట తప్ప. ఒక్క మాట మరిచాడని ముప్పై ఏళ్ళ డ్రైవరును పనికిరాడంటే మెడికల్ బోర్డు నన్నే అడుగుతుంది." ఆమె ఫిట్ దగ్గర గీత పెట్టి, కింద చిన్న అక్షరాలతో పెద్దాసుపత్రికి పంపవలెనని రాసింది.

పైనున్న గీతను మేనేజరు చూశాడు. కింది అక్షరాలు కూడా చదివాడు. పంపిద్దాం, వచ్చే నెల కొత్త డ్రైవర్లు రాగానే పంపిద్దాం అన్నాడు.

"ఆ పిల్ల సంగతి సార్?"

సోమేశ్వరరావు ఓపిగ్గానే చెప్పాడు. "విను బాలనర్సయ్యా. నీ జ్ఞాపకం బాగుందనుకో, అప్పుడు బెల్లు వినబడలేదని మొదట నువ్వు సంతకం పెట్టిందే నిజం. బాగాలేదనుకో, మరి ఆ రోజు బెల్లు మోగిందన్న సంగతి నీకెలా గుర్తుంది? ఎంక్వైరీలో ఇదే అడుగుతారు. ఏం చెప్తావ్?"

బాలనర్సయ్య ఆలోచించాడు. ఎటు నుంచి చూసినా మేనేజరు మాటలో తప్పు కనబడలేదు. బెల్లు మోగడం ఇప్పటికీ చెవిలో ఉంది. దాని అర్థం ఒక్కటే ఆ క్షణాన పోయింది. ఈ రెండూ ఒక్క తలలోనే జరిగాయని ఎట్లా చూపించాలి? తల విప్పి బల్ల మీద పెట్టడానికి లేదు.

"రేపు డ్యూటీకి రా" అన్నాడు మేనేజరు.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. బాలనర్సయ్యకు నిద్ర బాగా పట్టింది. లేవగానే అన్నీ గుర్తున్నాయి. కోఠి నుంచి కొండాపూర్ దాకా స్టాపులన్నీ వరసగా చెప్పుకున్నాడు, వెనక నుంచి ముందుకు కూడా చెప్పుకున్నాడు. గొడుగు అనే మాట కూడా దానంతటదే వచ్చింది. రాత్రి ఏం తేల్చుకుని పడుకున్నా, ఇంత బాగున్నవాడు బస్సెందుకు నడపకూడదు అనిపించింది. డిపో దాకా ఆ మాటే అనుకుంటూ వచ్చాడు.

డిపో ఆవరణలోనే, గేటు పక్కన బస్టాండు. అతని బస్సు అప్పటికే నిండింది. సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకున్నాడు. అద్దంలో వెనక సీట్ల దాకా మొహాలు. ఒకామె ఒళ్ళో పిల్లను నిద్రపుచ్చుతోంది. అవతల కంట్రోలరు గది ముందు బల్ల మీద రాజరాజేశ్వరి కూర్చుని ఉంది. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు రోజూ వచ్చి సంతకం పెట్టి పోవాలి. ఖాకీ కోటు లేకుండా ఆమె వేరే మనిషిలా ఉంది. అతని వైపు చూడటం లేదు.

నారాయణప్ప రెండు బెల్లులు కొట్టాడు. పొమ్మని. బాలనర్సయ్యకు అది స్పష్టంగా తెలుసు.

ఇంజను ఆపాడు. తాళం చెవి తీసుకుని, తలుపు తెరిచి దిగాడు.

లక్ష్మీనారాయణ గదిలోంచి తల బయటపెట్టాడు. "ఏమైందే?"

"నేను బస్సు తియ్య."

"ఎందుకు?"

"తొవ్వ యాదుంటలేదు."

"ఇప్పుడు యాదుందా, లేదా?"

"ఇప్పుడున్నది."

"మరింకేంది, తియ్."

"నడిమిట్ల పోతది లక్ష్మీనారాయణా. అది పోయినంక దిగుతనో లేదో నాకే ఎర్కలేదు. యాదున్నప్పుడే దిగుతున్న."

బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఏమైందని ఒకరినొకరు అడిగారు. పిల్లను ఎత్తుకున్నామె లేచి దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు దిగారు. కంట్రోలరు దగ్గరకు వచ్చాడు. ఇవాళ్టికి కడుపునొప్పి అని రాస్తాను, ఇంటికి పోయి పడుకో అని గొంతు తగ్గించి చెప్పాడు. బాలనర్సయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నది రాయి. డ్రైవరుకు తొవ్వ యాదుంటలేదు, అందుకే బస్సు తియ్యనన్నడని రాయి. ఆ దినం బెల్లు ఒక్కసారి మోగింది, నేనిన్న, దాని మతలబు నాకు యాదికి రాలే. అబద్ధం చెప్పిన. గది కూడ రాయి. రాసినంకనే తాళం చెవి ఇస్త."

మేనేజరు సోమేశ్వరరావు అప్పటికే మెట్లు దిగి వస్తున్నాడు. జనాన్ని చూశాడు, ఆగిన బస్సును చూశాడు, ఆఖరున బాలనర్సయ్యను చూశాడు.

"డ్యూటీ చేయనంటే ఏమవుతుందో తెలుసా నీకు? సస్పెండ్ చేయాల్సి వస్తుంది. సస్పెన్షన్ మీద ఉన్నవాడికి మెడికల్ బోర్డు ఉండదు. అన్‌ఫిట్ అనేదే ఉండదు. నీ కొడుకు ఉద్యోగం మాట ఇక మరిచిపోవలసిందే."

"తెలుసు సార్. రాత్రి పిలగానికి చెప్పే వచ్చిన. అన్నం తినకుంట లేచి పోయిండు."

మొన్నటి నుంచి సోమేశ్వరరావు ఈ ముసలివాడి మొహంలో కొడుకు ఉద్యోగం మీది ఆశనే వెతికాడు. ఇప్పుడు అది అక్కడ లేదు. మెల్లగా, మొదటిసారి మీరు అని పిలుస్తూ, "మీకు నిజంగానే తెలియడం లేదా?" అని అడిగాడు.

"ఒకపారి తెలుస్తది సార్. ఒకపారి తెల్వది."

"డ్రైవరే చెప్తున్నడు గద సార్, రాసుకోరాదుండ్రి" అంది పిల్లను ఎత్తుకున్నామె.

మేనేజరు కంట్రోలరు వైపు తిరిగి, "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. కింద నేను సంతకం పెడతాను. ఆ అమ్మాయి ఫైల్లో కూడా ఒకటి పెట్టు" అన్నాడు.

లక్ష్మీనారాయణ నిలబడే రాశాడు. రాసింది చదివి వినిపించాడు. బాలనర్సయ్య తాళం చెవి బల్ల మీద పెట్టాడు. నారాయణప్ప ఇంకో డ్రైవరును వెతికి తీసుకువచ్చాడు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కారు. బస్సు గేటు దాటి పోయింది. దుమ్ము అణిగాక ఆవరణ ఖాళీ అయింది.

అతను అన్నం డబ్బా సంచీ పట్టుకుని గేటు దాకా నడిచాడు. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టుంది. సాయంత్రం ఓంకార్ మొహం ఎట్లా చూడాలో తెలియదు. గేటు దాటి పెద్ద రోడ్డు మీద నిలబడ్డాడు. అటూ ఇటూ లారీలు పోతున్నాయి. కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు. పొద్దున వచ్చిన దారి ఇందులో ఏదో ఒకటి అయి ఉండాలి.

నెల కిందటైతే ఎవరో ఒకరి వెనక నడిచిపోయేవాడు. బీడీ వెలిగించుకున్నట్టు నటిస్తూ ఆగేవాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి, ఆవరణ దాటి, కంట్రోలరు గది ముందున్న బల్ల దగ్గరకు వచ్చాడు.

"రాజేశ్వరమ్మా" అన్నాడు. "మా ఇంటికి ఎటు పోవాలె?"

ఆమె తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహంలో కోపం అలాగే ఉంది.

"ఈ మాట నెల కిందటే అడగాల్సింది బాబాయ్."

"అవును బిడ్డా."

ఆమె బల్ల మీద నుంచి లేచింది. తర్వాత గేటు వైపు చేయి చూపించి, బస్సులో లాగా గొంతు ఎత్తకుండా, అతనికి ఒక్కడికే వినబడేటట్టు చెప్పింది. "గేటు దాటి ఎడమకి తిరగండి. రైలు పట్టాలు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. అక్కడ మీకు తెలియకపోతే ఎవరినైనా అడగండి."

"అడుగుత" అన్నాడు బాలనర్సయ్య.